దారాల పెళ్ళికి నేను రాసిన నోటీసు

నేను లాయర్ని కాను. ఈ ముక్క ముందే చెప్పేస్తే నాకు సగం బరువు దిగుతుంది. కరీంనగర్‌లో రెండేళ్ళు లా కాలేజీకి వెళ్ళాను. వెళ్ళాను అనడం కూడా కాస్త ఎక్కువే. కాలేజీ ఎదురుగా ఉండే మిర్చీ బజ్జీల బండి దగ్గరికి వెళ్ళాను అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. మూడో ఏడు మొదలయ్యేలోపు మా మేనమామ ఖతర్ వీసా తెచ్చాడు, చదువు అక్కడితో ఆగిపోయింది. ఆ రెండేళ్ళలో నాకు వంటబట్టింది చట్టం కాదు, చట్టం తెలిసినవాడిలా మొహం పెట్టడం. అది మాత్రం బాగా వచ్చింది, ఇప్పటికీ పోలేదు.

ఇక్కడ నేను చేసేది డాక్యుమెంట్ కంట్రోలర్ ఉద్యోగం. కంపెనీలో పుట్టే ప్రతి కాగితానికీ ఒక నంబరు వేసి, దాని కాపీలు ఎవరెవరికి వెళ్ళాలో చూసి పంపించాలి. అందులో ఏం రాసి ఉందో అర్థం చేసుకోవాల్సిన అవసరం లేదు. అందుకే పదకొండేళ్ళుగా ఈ కుర్చీలో నిలదొక్కుకున్నాను.

పొద్దున అల్ అజీజియాలో బయల్దేరిన కంపెనీ బస్సు అల్ ఘర్రాఫాలో నన్ను ఎక్కించుకుని దుఖాన్ వైపు పోతుంది. గంటకు పైగా ప్రయాణం. కిటికీలోంచి చూడటానికి ఏమీ ఉండదు కాబట్టి నిద్ర పట్టనివాళ్ళు కష్టాలు చెప్పుకుంటారు. ఊళ్ళో గెట్టు తగాదా అయినా, ఇక్కడ ట్రాఫిక్ ఫైన్ అయినా, చిక్కులో పడ్డవాడు వచ్చి నా పక్క సీట్లో కూర్చునేవాడు. నేను కళ్ళు సగం మూసి, "దీనికి రెండు కోణాలున్నయి" అని మొదలుపెట్టేవాణ్ణి. నిజానికి నాకు ఒక కోణం కూడా తెలిసేది కాదు.

జగిత్యాల నుంచి వచ్చిన ఒక ఫోర్‌మన్ నాకు పెద్ద అభిమాని. ఆయన గెట్టు పంచాయితీకి నేనొక అర్జీ రాసిచ్చాను. అది ఊరికి చేరేలోపే పక్క పొలం వాళ్ళు తమంతట తాము రాజీకి వచ్చేశారు. ఆ విజయం నా ఖాతాలో పడింది. అప్పటినుంచి ఆయన నన్ను ప్లీడర్ సాబ్ అని పిలిచేవాడు, ఆయన్ని చూసి బస్సంతా పిలిచేది. నేను లాయర్ని కానని ఒక్కసారి కూడా చెప్పలేదు. వాళ్ళ మర్యాదకు అడ్డు రావడం ఎందుకులే అనుకున్నాను.

ఆ బస్సులోనే మా స్టాఫ్ క్యాంటీన్‌లో వంట చేసే థాయ్ ఆవిడ వచ్చేది. నలభైకి కాస్త ఇటుగా వయసు, పొట్టి మనిషి, చేతుల మీద నూనె చిట్లిన మచ్చలు. పచ్చిమిరపకాయలు దంచే తీరు చూసి ఈమె మనకు ఏదో జన్మలో చుట్టమని మావాళ్ళు తేల్చేసి, అక్క అని పిలిచేవాళ్ళు. నేనూ అక్కనే అన్నాను. మావాళ్ళ దగ్గర ఆమె పట్టిన తెలుగు "కారం", "ఇగ చాలు" వరకే. మిగతాదంతా ఇంగ్లీషు, హిందీ, అరబ్బీ కలిపిన ఖిచిడీ భాష. అందులో జరిగిన మాటల్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఒకరోజు బస్సెక్కగానే ఆమె నా పక్కన ఖాళీగా ఉన్న సీట్లో కూర్చుంది. మామూలుగా ముందు వరుసలో కూర్చునే మనిషి. ఫోన్ తీసి తొమ్మిదేళ్ళ కూతురి ఫోటో చూపించింది. పిల్ల ఊళ్ళో అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. మొగుడు సముద్రం పక్కన ఏదో ఫ్యాక్టరీ ఊళ్ళో పని చేస్తాడు, పండక్కీ సెలవులకీ వస్తూ పోతూ ఉంటాడు. పన్నెండేళ్ళ కింద పెళ్ళయింది. ఇప్పుడు తెలిసిన సంగతేమిటంటే, అతను ఆ ఫ్యాక్టరీ ఊళ్ళో ఇంకొకామెను చేసుకున్నాడు. చేసుకుని ఎనిమిది నెలలైంది. బడి సెలవులివ్వగానే పిల్లను తీసుకెళ్ళి అక్కడే, ఆ కొత్త భార్య దగ్గర పెట్టుకుంటానని ముసలామెకు ఫోన్ చేశాడు.

"తీసుకెళ్ళగలడా?" అని అడిగింది.

ఆమె నన్ను అడిగింది ఈ ఒక్క మాటే. ఆ తర్వాత నేను చేసిన ఘనకార్యాలన్నిటిలో ఈ ప్రశ్నకు జవాబు లేదు కాబట్టి దీన్ని ఇక్కడ విడిగా రాస్తున్నాను.

నేను కళ్ళు సగం మూశాను. మొదటి భార్య బతికుండగా రెండో పెళ్ళి. ఇంత తేలికైన కేసు నాకు ఎప్పుడూ రాలేదు. బజ్జీల బండి దగ్గర ఉన్నా ఈ పాఠం మాత్రం నా చెవిన పడింది. "అక్కా, ఆ రెండో పెళ్ళి చెల్లదు. అతను జైలుకు పోతాడు. నువ్వు అసలు భార్యవని రుజువు చేస్తే చాలు, పిల్ల మీద చెయ్యి వేసే దమ్ము ఎవడికీ ఉండదు" అన్నాను. "పెళ్ళి ఫోటోలున్నాయా?" అని అడిగాను.

ఉన్నాయి. డోళ్ళు కొట్టుకుంటూ ఊరేగింపుగా వచ్చిన మగపెళ్ళివారు, వరసగా కూర్చుని మంత్రాలు చదువుతున్న భిక్షువులు, కన్యాశుల్కం లెక్కన పళ్ళెంలో పెట్టి తెచ్చిన బంగారం. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ చేతులు చాపి కూర్చుంటే పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మణికట్టుకు తెల్లదారం కడుతున్నారు. వాళ్ళ వైపు పెళ్ళికి అదే ముఖ్యమట. ఆఖరి ఫోటోలో ఆమె చేతికి మోచేతి దాకా దారాలే. అన్నిటికంటే ముందు కట్టింది వాళ్ళమ్మ.

"మాకూ కంకణం ఉంటది" అన్నాను గొప్పగా, మా రెండు దేశాల న్యాయశాస్త్రం ఒకటే అన్నట్టు.

"కానీ మండలాఫీసుకు వెళ్ళలేదు" అంది. వాళ్ళకు అలాంటి ఆఫీసు ఒకటి ఉంది. పెళ్ళి వేరు, అక్కడికెళ్ళి రిజిస్టర్ చేయించుకోవడం వేరు. ఊళ్ళో చాలామంది దారాలతో సరిపెట్టుకుంటారట. "వెళ్దాం వెళ్దాం అనుకుంటుండగానే పాప పుట్టింది" అంది.

"అది ఫార్మాలిటీ అక్కా" అని చెయ్యి ఊపాను.

ఆ చెయ్యి ఎందుకు ఊపానో చెప్పాలి. నా పెళ్ళికి ఎనిమిది వందల మంది భోజనాలు చేశారు, వీడియో మూడు గంటలు వచ్చింది, ఆల్బమ్‌లు రెండు. ఇంత చేసీ నా భార్యను ఇక్కడికి తెచ్చుకుందామంటే పెళ్ళి సర్టిఫికెట్ ఏదీ అన్నారు. మా ఆఫీసులో ఫ్యామిలీతో ఉండే ప్రతివాడి ఫైల్లోనూ మొదటి కాగితం అదే, దానికి నంబరు వేసేవాణ్ణి నేనే. నా దగ్గర మాత్రం లేదు. సెలవు పెట్టి పరిగెత్తి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో శుభలేఖ, ఫోటోలు, సాక్షుల్ని చూపిస్తే, ఎప్పుడో అయిపోయిన పెళ్ళికి అప్పుడు కాగితం ఇచ్చారు. దాన్నిబట్టి నేను నేర్చుకున్నదేమిటంటే, పెళ్ళి తాళితో, ఏడడుగులతో ఎప్పుడో అయిపోయి ఉంటుంది, ఆఫీసువాళ్ళిచ్చేది దానికి రసీదు మాత్రమే. మన దగ్గర ఆ మాట నిజమే. దాన్ని మూటగట్టి ఇంకో దేశానికి ఎగుమతి చేసింది నేను.

మూడు రోజులు బస్సులో కూర్చుని ఆమె మొగుడికి పంపే నోటీసు తయారు చేశాను. ఐదు పేజీల ఇంగ్లీషు. అక్క చిన్న చిన్న వాక్యాల్లో చెప్పినదాన్ని నేను "పైన పేర్కొన్న", "ఇందుమూలముగా" లాంటి మాటలతో ఉబ్బించాను. వెనక కూర్చున్న ఫోర్‌మన్ మా సీటు మీద గడ్డం ఆనించి ఉత్సాహపరిచాడు. "గట్టిగ రాయి సాబ్, చదివెటోనికి చెమటలు వట్టాలె" అనేవాడు. ఆయన కోసం కూడా రెండు పేరాలు పెంచాను.

దారాలు కట్టిన పెద్దల పేర్లతో ఒక పట్టిక వేశాను. పిల్ల తండ్రి ఇతనే అని, పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి ఎత్తుకొచ్చింది ఇతనే అని, నడక నేర్పింది కూడా ఇతనే అని రాశాను. కాపురం ఇంకా నడుస్తోందని గట్టిగా నిలబెట్టాలి కదా. అందుకని నాలుగు నెలల కింద అక్క సెలవు మీద ఊరికి పోయినప్పుడు వాళ్ళిద్దరూ ముప్పై రోజులు ఒకే ఇంట్లో భార్యాభర్తలుగా ఉన్నారని తేదీలతో సహా ఎక్కించాను. అప్పటికి అతను రెండో ఆమెతో రిజిస్టర్ చేసుకుని నాలుగు నెలలైంది. అక్కకు అప్పుడు ఆ విషయం తెలియదు. నాకు నోటీసు రాసేటప్పుడు తెలుసు, తెలిసీ దాన్ని బలమైన పాయింటు అనుకున్నాను.

అల్ అజీజియాలో అక్కతో ఉండే ఒక స్నేహితురాలు దాన్ని థాయ్‌లోకి మార్చి టైప్ చేసింది. పంపేముందు అక్క ఒకసారి ఆగి, ఇంత అవసరమా అని అడిగింది. అవసరమే అన్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. నా ఉద్యోగం నాకు అంటించిన రోగం ఒకటుంది. ఏ కాగితం చివర్నైనా ఇంకెవరికి కాపీ వెళ్ళాలి అని చూడకపోతే నాకు నిద్ర పట్టదు. అతనికి ఒక్కడికే పంపితే చించేస్తాడు, ఆ రెండో ఆమెకు కూడా ఒక కాపీ పోవాలి అన్నాను. సమాచారం నిమిత్తం అని కింద రాయించాను. ఆమె ఫోన్ నంబరు పక్క ఊరి వాళ్ళ ద్వారా పట్టించి మరీ పంపించాం. ఆ రోజు బస్సు దిగేటప్పుడు నా నడకే మారిపోయింది.

పది రోజుల తర్వాత జవాబు వచ్చింది. రెండో ఆమె తరఫున ఒక లాయరు రాశాడు. నాది ఐదు పేజీలు, అతనిది ఒకటి. అక్క ఫోన్ పట్టుకుని ఒక్కో వాక్యం చదివి నాకు చెప్పింది. చెబుతున్నకొద్దీ ఆమె గొంతు సన్నబడిపోయింది.

వాళ్ళ చట్టంలో దారాలకు విలువ లేదు. ఆఫీసులో రిజిస్టర్ అయినదే పెళ్ళి. అతనికి అంతకుముందు రిజిస్టర్ అయిన పెళ్ళి లేదు కాబట్టి అతను చేసుకున్నది రెండోది కాదు, మొదటిదే. అక్కడ ఇంకొకరి మొగుడితో ఉండటం జైలుకు పంపే నేరం కాదట, కానీ రిజిస్టర్ అయిన భార్య విడాకులు తీసుకోకుండానే ఆ ఇంకొకామె మీద నష్టపరిహారం దావా వేయవచ్చు. సంబంధం ఉందని రుజువు చేయడమే ఇలాంటి కేసుల్లో కష్టం. "మీరు తేదీలతో సహా రాతపూర్వకంగా ఒప్పుకుని, మా క్లయింటుకు స్వయంగా పంపినందుకు ధన్యవాదాలు" అని రాశాడు ఆ లాయరు. పన్నెండేళ్ళ కింద పెళ్ళయిన మనిషి, ఎనిమిది నెలల కింద సంతకం పెట్టిన ఆమెకు చిన్నిల్లు అయిపోయింది. పైగా, అలా అయ్యానని ఆమె చేత ఐదు పేజీల్లో రాయించింది నేను.

చివరి రెండు వాక్యాలు ఇంకా ఘోరం. పిల్లకు తండ్రినని తన పేరు చట్టబద్ధం చేయించుకోవడానికి అతను మండలాఫీసులో దరఖాస్తు పెడుతున్నాడు. అతనే తండ్రి అని, పిల్లను ప్రేమగా పెంచాడని తల్లే రాసిచ్చింది కాబట్టి, ఒప్పుకుని పిల్లను అప్పగిస్తే దావా సంగతి మర్చిపోతాం, లేకపోతే రెండూ కోర్టులోనే తేలుతాయి.

అక్క ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది. "నువ్వు నిజంగా లాయరువేనా?" అని అడిగింది. అందులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

"రెండేళ్ళు చదివిన" అన్నాను.

"ఎన్నేళ్ళకు?"

"ఐదు."

ఫోర్‌మన్ మా సీటు మీంచి గడ్డం తీసేసి కిటికీ వైపు తిరిగిపోయాడు.

ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పాను. అన్నీ చెప్పలేదు, నా తప్పు తక్కువగా కనిపించేలా కొంత సర్ది చెప్పాను. ఆమె బెండకాయలు కోస్తూ విన్నది. విల్లాలో మా పోర్షన్ ఎంత చిన్నదంటే ఆమె వంటింట్లో నిట్టూరిస్తే హాల్లో నాకు తగులుతుంది.

"ఆమె నిన్నేమడిగింది?"

"పిల్లను తీస్కపోతడా అని."

"నువ్వేం రాసినవ్?"

"ఆమెనే అసలు పెండ్లామని."

కత్తి పక్కన పెట్టింది. "అడిగిందొకటి, రాసిందొకటి. ఆమెకు మొగడు గావాల్నా, బిడ్డ గావాల్నా? అది తెల్వకుంటనే ఐదు పేజీలు నింపినవా?"

"రెండూ ఒకటే గద."

"నీకు ఒకటే. ఇగో, ఇంక నీ తెలివి సాలు గని, రేపు పర్మిషన్ వెట్టి ఆమెను వాళ్ళ ఎంబసీకి తోల్కపో. వాళ్ళ కాయిదాలు వాళ్ళకే తెలుస్తయి. నువ్వు ఆడ నోరు తెరువకు."

నేను అలిగాను. రాత్రి అన్నం సగమే తిన్నాను, ఎవరూ పట్టించుకోకపోతే మిగతా సగం కూడా తిన్నాను. పొద్దున పర్మిషన్ పెట్టాను.

నోరు తెరవకూడదని తేల్చుకున్నాను కాబట్టి చేతిలో ఫైలు పెట్టుకున్నాను, కనీసం చూడటానికైనా బాగుంటుందని. ఎంబసీలో గాజు అద్దం వెనక ఒక నడివయసు ఆఫీసరమ్మ మొత్తం విని, నా నోటీసు థాయ్ కాపీ అడిగి తీసుకుంది. ఐదు పేజీలూ ఓపిగ్గా చదివింది. తర్వాత అక్కను ఏదో అడిగింది, అక్క వేలు నా వైపు చూపించింది.

"మీరు లాయరా?" అని నన్ను ఇంగ్లీషులో అడిగింది.

"డాక్యుమెంట్ కంట్రోలర్" అన్నాను.

ఆమె ఆ కాగితాల్ని జాగ్రత్తగా సమంగా సర్ది, తడి గుడ్డను పక్కన పెట్టినట్టు పక్కన పెట్టింది. తర్వాత అక్కతో మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టింది. నేను అక్క మొహం చూస్తూ కూర్చున్నాను. మొదట భయం, తర్వాత అర్థం కానట్టు నుదురు ముడి. ఆ తర్వాత ఒక్కసారిగా చేత్తో నోరు మూసుకుంది.

నాకు తర్వాత చెప్పింది. తల్లిదండ్రుల పెళ్ళి రిజిస్టర్ కాకపోతే, వాళ్ళ చట్టం ప్రకారం పిల్ల తల్లిది మాత్రమే. తండ్రి కన్నవాడే కావచ్చు, పుట్టిన సర్టిఫికెట్లో అతని పేరు ఉండవచ్చు, అయినా పిల్ల మీద ఏ హక్కూ రాదు. తల్లీ పిల్లా ఇద్దరూ ఆఫీసులో ఒప్పుకుంటేనో, కోర్టు తీర్పిస్తేనో తప్ప అతను పిల్లను ఇంట్లోంచి అడుగు కదిలించలేడు. అంటే, "తీసుకెళ్ళగలడా" అని ఆమె నన్ను అడిగిన రోజున సరైన జవాబు ఒకే ఒక్క మాట. తీసుకెళ్ళలేడు. ఎందుకు తీసుకెళ్ళలేడంటే, నువ్వు అతని భార్యవు కావు కాబట్టి.

నేను మూడు రోజులు చెమటోడ్చి ఆమె భార్యే అని రుజువు చేయబోయాను. ఆ రుజువు గనక నిలబడి ఉంటే పిల్ల పోయేది. ఆమెను కాపాడుతున్న ఒకే ఒక్క గోడను నేను నోటీసు రాసి కూలగొట్టబోయాను, అదీ కాపీలతో.

ఆఫీసరమ్మ మూడు కాగితాలు ఇచ్చింది. అతను రిజిస్టర్ చేసుకున్న సంగతి తనకు అప్పట్లో తెలియదని, తెలిసినప్పటినుంచి అతనితో ఏ సంబంధమూ లేదని ఒకటి. పిల్లకు అతన్ని తండ్రిగా చట్టబద్ధం చేయడానికి ఒప్పుకోవడం లేదని ఇంకొకటి. అక్క ఈ రెండింటి మీదా సంతకం పెట్టేసింది. మూడోది ఆమె వివాహస్థితి గురించిన పత్రం. అందులో ఒక గడి దగ్గర ఆమె పెన్ను ఆగింది.

"పెళ్ళి కాలేదు అని రాయాలట" అంది నాతో.

నేను ఆ గడి వైపు వంగి చూశాను.

"మొదటి దారం మా అమ్మ కట్టింది. మూడుసార్లు ముడి జారిపోతే మళ్ళీ మళ్ళీ కట్టింది. ఊరంతా చూసింది." పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది. "ఇది రాస్తే మా అమ్మ ఆ రోజు ఏం చేసినట్టు?"

నా దగ్గర అన్నిటికీ రెండు కోణాలుంటాయని పేరు. ఆ రోజు ఒక్కటీ దొరకలేదు. ఫైలు తెరిచి ఉత్త కాగితాలు తిరగేశాను. అద్దం వెనకనుంచి ఆఫీసరమ్మ తొందర పెట్టలేదు. అక్క కళ్ళు తుడుచుకుని, గడిలో రాయాల్సింది రాసి, నలభై ఏళ్ళ మనిషి చిన్నపిల్లలా గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టింది.

మరుసటి రోజు ఆఫీసులో ఆమె ఫైలు తీసి, వివాహిత అని ఉన్నచోట నేనే దిద్దాను. దిద్దిన కాగితానికి కొత్త నంబరు వేయాలి, హెచ్‌ఆర్‌కు కాపీ పంపాలి. పంపాను. నా ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక కాగితంలో ఏముందో పూర్తిగా అర్థమయి పంపింది అదొక్కటే.

ఎంబసీనుంచి పోయిన కాగితాల తర్వాత ఆ లాయరు నుంచి ఉలుకూ పలుకూ లేదు. దావా వేస్తామన్నవాళ్ళు వేయలేదు. కానీ అతను మాత్రం దరఖాస్తు వెనక్కి తీసుకోలేదు. మండలాఫీసువాళ్ళు ఒకరోజు అమ్మమ్మనూ పిల్లనూ పిలిచారు. తల్లి ఒప్పుకోవడం లేదన్న కాగితం అప్పటికే వాళ్ళ బల్ల మీద ఉంది, అయినా పద్ధతి ప్రకారం పిల్లను కూడా అడగాలట. ఆ వారమంతా అక్క క్యాంటీన్‌లో కూరల్లో ఉప్పు మర్చిపోతూనే ఉంది. మా తెలుగువాళ్ళు ఎవరూ నోరెత్తకుండా పక్కన ఉప్పు డబ్బా పెట్టుకుని తిన్నారు. ఫోర్‌మన్ అయితే రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నాడు.

ఆ సాయంత్రం తిరుగు బస్సులో ఆమె మళ్ళీ నా పక్కన కూర్చుంది. ఎందుకు కూర్చుందో నాకు తెలియదు. నా సలహా కోసం మాత్రం కాదు. దుఖాన్ దాటిన కాసేపటికి ఫోన్ మోగింది. తెర మీద పిల్ల మొహం, వెనక అమ్మమ్మ భుజం. వాళ్ళకు అప్పటికే చీకటి పడి అన్నాలైపోయాయి. అక్క ముందు అమ్మతో మాట్లాడింది. రెండు నిమిషాల్లో ఆమె భుజాలు కిందికి దిగాయి. తల వెనక్కి ఆనించి కళ్ళు మూసుకుని నాతో, "అయిపోయింది. దరఖాస్తు కొట్టేశారు. పాప మా అమ్మ దగ్గరే" అంది. వెనక సీట్లోంచి ఫోర్‌మన్, "యా అల్లా, ఖలాస్" అని చేతులు జోడించాడు, పుట్టుకతో హనుమాన్ భక్తుడు.

అప్పుడు పిల్ల ఫోన్ లాక్కుంది. చాలాసేపు మాట్లాడింది. గొంతు పెద్దవాళ్ళ గొంతులా, ఒకటొకటిగా లెక్క చెబుతున్నట్టు ఉంది. అక్క మధ్యలో ఒకసారి మాత్రం ఏదో జవాబు చెప్పింది. కాల్ అయిపోయాక ఫోన్‌ను అలాగే చేతిలో పట్టుకుని కూర్చుంది. తనే చెప్పింది.

ఆఫీసులో ఒకాయన, ఇతను మీ నాన్నేనా అని అడిగితే పాప అవునంది. కాదనడానికి ఏముంది. అప్పుడు ఆయన, మీ అమ్మ ఒప్పుకోలేదు కాబట్టి కాగితం మీద కుదరదు అన్నాడు. వాళ్ళ నాన్న అక్కడే, అందరి ముందూ ఏడ్చాడట. ఇప్పుడు పాప తల్లిని అడిగింది, ఎందుకు వద్దన్నావని. నువ్వు అమ్మమ్మ దగ్గర, నా దగ్గర ఉండాలి కదా, నిన్ను తీసుకెళ్ళిపోతానన్నాడు కదా అని అక్క చెప్పింది.

"దానికేమంది?" అని అడిగాను.

"'నేను నాన్నతో పోతానని ఎప్పుడన్నా చెప్పానా, నన్ను ఎవరన్నా అడిగారా' అంది."

బస్సు స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరి దిగింది. అక్క నా వైపు తిరిగింది.

"నువ్వు అడిగావా?"

"లేదు" అన్నాను.

"నేనూ అడగలేదు" అంది.